మందిరం సరుకుల పట్టీ మారుస్తున్నాం: ప్రాజెక్టు డైరీ

జూలై, మొదటి వారం

సంఘ కమిటీ ఒప్పుకుంది. ఇక నుంచి మందిరానికి ఏ సరుకు కొన్నా ముందు నాతో ఒక మాట అనుకుని కొంటారు. టీ కప్పుల నుంచి ఫినాయిల్ దాకా భూమికి తక్కువ చేటు చేసేది ఏదో చూడడం, అది దొరికే చోటు కనుక్కోవడం, ధర మాట్లాడడం, వాడే పద్ధతి అందరికీ చెప్పడం నా పని. చెన్నైలో పెరంబూరు వైపున్న మా తెలుగు క్రైస్తవ సంఘంతో పాటు వ్యాసర్పాడిలో ఒకటి, అయనావరంలో ఒకటి, మొత్తం మూడు సంఘాలు కలిశాయి. నేను అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ పర్చేజ్ విభాగంలో పనిచేస్తాను. ముగ్గురి ఆర్డరు ఒకటిగా వెళితే కొట్టువాడు మాట్లాడే తీరే మారుతుందని నాకు తెలుసు. అందుకే ముందు ఆ రెండు సంఘాల పెద్దల్ని కలిశాను.

మొదలుపెట్టింది బిల్లుల ఫైలుతో. కోశాధికారి అంకుల్ నిరుటి బిల్లులన్నీ నెలలవారీగా దారంతో కట్టి ఇచ్చారు. మందిరం అంటే ఆరాధన, పాటలు, వాక్యం అనుకుంటాం కానీ బిల్లుల్లో కనపడే మందిరం వేరు. పేపర్ కప్పులు, పైన వెండి పూత ఉన్న పేపర్ ప్లేట్లు, బల్ల మీద పరిచే ప్లాస్టిక్ రోలు, చిన్న నీళ్ల బాటిళ్ల కట్టలు, ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) వాడే బుల్లి ప్లాస్టిక్ కప్పులు, పువ్వులు గుచ్చే పచ్చ స్పాంజి, ఫ్లెక్సీలు, ఫినాయిల్, యాసిడ్, థర్మకోల్. మా ఆదివారం ఆరాధనకు సుమారు 180 మంది వస్తారు. అందరికీ టీ. ఏడాదికి 52 ఆదివారాలు, అంటే 9,360 కప్పులు. ఇది ఒక్క సంఘం లెక్క. పండుగలు, పెళ్లిళ్లు, జ్ఞాపకార్థ కూటాలు ఇందులో లేవు.

ఇంకో సంగతి కూడా కమిటీ ముందు పెట్టాను. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి 14 రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది. ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులు, ప్లేట్లు, భోజనం బల్ల మీద పరిచే షీట్లు, స్ట్రాలు, నాన్-వోవెన్ (బట్టలా కనపడే ప్లాస్టిక్) సంచులు అన్నీ ఆ పట్టీలోవే. దేశమంతటికీ 2022 జూలై 1 నుంచి థర్మకోల్ అలంకరణ, ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, ప్లేట్లు, 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) బ్యానర్లు ఆగిపోవాలి. మన బిల్లుల్లో ఇవన్నీ ఉన్నాయి. కొట్లో దొరుకుతున్నాయి కాబట్టి కొన్నాం, అంతే. మా పాస్టరు అయ్యగారు ఆ పట్టీ రెండుసార్లు చదివి, "మందిరం పేరుతో ఉన్న బిల్లులో ఇవి ఉండకూడదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం చర్చ అయిపోయింది.

జూలై, మూడో ఆదివారం తర్వాత

బిల్లుల నుంచి రిజిస్టరు తయారుచేశాను. ఒక్కో వస్తువుకూ ఒక వరస. ఏమిటి, ఎంత, ఎవరు కొంటారు, ఎక్కడ కొంటారు. ఆఖరి గడిలో ఏం రాయాలో మాత్రం ఆఫీసు అలవాటు చెప్పలేదు, మా సంఘంలో అక్క ఒకావిడ చెప్పింది.

చెన్నై కార్పొరేషన్ పారిశుధ్య పనిలో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. మా సంఘంలో కూడా ఆ పనికి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదివారం తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చునే అక్క, సోమవారం పొద్దున్నే వీధుల్లో చెత్తబండి తోస్తుంది. ఇన్నేళ్లలో మందిరం చెత్త గురించి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆరాధన అయ్యాక పక్కన కూర్చుని అడిగాను.

"కప్పులో సగం టీ వదిలేసి పారేస్తారమ్మా. సంచి ఎత్తితే అదంతా చేతుల మీద, చీర మీద కారుతుంది. చేపముల్లు, ఎముక ముక్క, అన్నం, ప్లేటు, బాటిలు అన్నీ ఒకే సంచిలో వేస్తారు. అందులో నుంచి ఏం ఏరగలం? అట్నే కొడుంగైయూరు పోతుంది."

కొడుంగైయూరు డంపింగ్ యార్డు మాకు దూరమేమీ కాదు. గాలి ఇటు తిరిగిన రోజు వాసన కూడా వస్తుంది. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. చీపురు పుల్లలు, పగిలిన గాజు, వాడిన డైపర్లు అన్నీ తడి చెత్తలోనే వస్తాయట. చేతి తొడుగు చిరిగితే ఆ రోజు అదే చేత్తో పని.

రిజిస్టరులో ఆఖరి గడికి "వాడాక ఎవరి చేతికి" అని పేరు పెట్టాను. ఈ గడి నింపకుండా ఏ వస్తువూ కొనకూడదని మూడు సంఘాలకూ చెప్పాను. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఇదే. ధర, రంగు, "ఎకో" అనే ముద్ర అన్నీ దీని తర్వాతే.

ఆగస్టు

టీ కప్పులు. అన్నిటికంటే ఎక్కువ మాటలు జరిగింది దీని మీదే, కాబట్టి వివరంగా రాస్తాను.

పేపర్ కప్పు అనేది ఒట్టి కాగితం కాదు. లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ నిలవదు. కాగితం, ప్లాస్టిక్ అంటుకుపోయి ఉండడం వల్ల పాత కాగితాలవాళ్లు దాన్ని తీసుకోరు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో చెప్పింది కమిటీకి చదివి వినిపించాను. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి దిగుతాయట. షుగరు ఉందని చక్కెర మానేసిన పెద్దలు కూడా ఆ కప్పులోనే తాగుతున్నారు. ఇది విన్నాక కొందరి ముఖాలు మారాయి.

నా ప్రతిపాదన స్టీలు గ్లాసులు. వెంటనే వచ్చిన అభ్యంతరం నీళ్లు. అది గట్టి అభ్యంతరమే. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ ఎండిపోయి, మెట్రో వాటర్ లారీ కోసం అర్ధరాత్రి బిందెలు వరసలో పెట్టిన ఊరు ఇది. కండలేరు నుంచి పూండికి కృష్ణా నీళ్లు వదులుతారా లేదా అని నెల్లూరు చుట్టాలకు ఫోన్లు చేసి అడిగిన ఇళ్లు మా సంఘంలో ఉన్నాయి. అలాంటివాళ్లతో "గ్లాసులు కడుగుదాం" అనేముందు నీళ్ల లెక్క చూపించాలి.

అందుకని ఒక ఆదివారం కడిగి చూశాం. కుళాయి కింద కాదు, మూడు తొట్లలో. ముందు ఒక బకెట్టు, మిగిలిన టీ అందులో ఒంపాలి. మొదటి తొట్టిలో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో జాడింపు, మూడోదాంట్లో వేడి నీళ్లు. తర్వాత ఉతికిన గుడ్డ మీద బోర్లించి ఎండలో పెట్టడం. సబ్బు తొట్టి మధ్యలో ఒకసారి మార్చాం. అంతా కలిపి ఆరు బిందెల నీళ్లయ్యాయి. జాడించిన నీళ్లు ప్రహరీ పక్కనున్న కొబ్బరిచెట్లకు పోశాం. కోశాధికారి అంకుల్ పక్కనే నిలబడి బిందెలు లెక్కపెట్టారు. "ఇంతేనా?" అన్నారు. ఒప్పుకున్నట్టే.

నీళ్ల సంగతి తేలాక అసలు సమస్య బయటపడింది. కడిగేది ఎవరు? స్త్రీల సమాజం పెద్దమ్మ ఉన్న మాట చెప్పింది. "గ్లాసులు మంచివే. కానీ కడిగేది మళ్లీ మేమే కదా? ఇప్పటికే వంట మాది, వడ్డన మాది. కప్పులు వచ్చాక ఆ ఒక్క పనైనా తగ్గింది. అది కూడా మళ్లీ మా నెత్తిన పెడతావా?"

ఆవిడ మాటలో నూటికి నూరు పాళ్లు న్యాయం ఉంది. పర్యావరణం పేరుతో మొదలయ్యే పనులు చాలాచోట్ల ఇంటి ఆడవాళ్ల రెక్కల మీద పడతాయి. మందిరంలో కూడా అదే జరిగితే ఆరు నెలల్లో పేపర్ కప్పు తిరిగొస్తుంది, రావడం సబబే అవుతుంది కూడా. స్త్రీల సమాజాన్ని కడిగే పనిలో పెట్టనని కమిటీలోనే మాట ఇచ్చాను. గృహ కూటాలవారీగా వంతు వేశాం. ఏ వీధి గృహ కూటానిది వంతైతే ఆ వీధి మగవాళ్లు, యౌవనస్థులు కడగాలి. మొదటి వంతు డీకన్లది (సంఘ పరిచారకులు). అయ్యగారు చొక్కా చేతులు మడిచి రెండో తొట్టి దగ్గర నిలబడ్డారు. ఆయన శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు గురించి ఏటా చెబుతారు. ఆ రోజు ఏమీ చెప్పలేదు, గ్లాసులు కడిగారు.

నెలాఖరుకు వంతు నడుస్తోంది. ఒక వీధివాళ్లు రాకపోతే పక్క వీధివాళ్లు చేశారు, తర్వాతి వారం ఆ లెక్క సరిచేశారు. అయనావరం సంఘం పేపర్ కప్పులు ఇంకా పూర్తిగా మానలేదు. వాళ్లకు కడిగే చోటు లేదు, అద్దె హాలు. వాళ్లకు వేరే దారి: ఎవరి గ్లాసు వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. సండే స్కూలు పిల్లలు తమ గ్లాసుల మీద పేర్లు రాయించుకున్నారు, పెద్దలకు గుర్తుచేసే పని కూడా వాళ్లే చేస్తున్నారు.

సెప్టెంబరు, మొదటి వారం

ప్రభు బల్ల. ఇది టీ గ్లాసు లాంటి విషయం కాదు. ఇక్కడ ఎవరి మనసూ నొప్పించకుండా నడవాలి. పాతరోజుల్లో మా సంఘంలో చిన్న గాజు కప్పులుండేవి. పగిలినకొద్దీ ప్లాస్టిక్‌వి వచ్చాయి. కరోనా తర్వాత కొన్ని నెలలు ద్రాక్షరసం, రొట్టె ముక్క కలిపి పైన రేకు అంటించిన రెడీమేడ్ కప్పులు వాడాం. రేకు, ప్లాస్టిక్, అంటించిన జిగురు మూడూ కలిసిన ఆ కప్పును ఏ పాత సామాన్ల కొట్టూ తీసుకోదు.

డీకన్ల భయం శుభ్రత గురించి. నిజాయితీగల భయం. అందుకని స్టీలు కప్పులు ఎంచుకున్నాం. గాజులా పగలవు, వేడినీళ్లలో మరిగించొచ్చు. ద్రాక్షరసం ఎండితే అడుగున అంటుకుంటుంది కాబట్టి ఆరాధన అయిన వెంటనే నీళ్లలో వేయాలి. సీసాలు కడిగే సన్నని బ్రష్షుతో తోమి, మరిగే నీళ్లలో ముంచి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఈ పని డీకన్లే తీసుకున్నారు, బల్ల సిద్ధం చేసేది కూడా వాళ్లే కనుక. మిగిలిన ప్లాస్టిక్ కప్పులు సండే స్కూలుకు ఇచ్చాం, రంగులు పోసుకోవడానికి.

సెప్టెంబరు, మూడో వారం

ప్యారిస్ వెళ్లొచ్చాం. తెలియనివాళ్లకు: చెన్నైలో ప్యారిస్ అంటే ప్యారీస్ కార్నర్, హైకోర్టు ఎదుట మొదలయ్యే టోకు వీధుల అల్లిక. కాగితానికి ఆండర్సన్ స్ట్రీట్, బట్టకు గోడౌన్ స్ట్రీట్. నాతో పారిశుధ్యం పనిచేసే అక్కను కూడా రమ్మన్నాను. కొనేచోటికి ఆమె రావడం నాకు అవసరం అనిపించింది.

ఇప్పుడు ప్లేట్ల కొట్లలో అందరిదీ ఒకటే పాట, "అంతా బయో అమ్మా". ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా ఉన్న చెంచా చూపించి మట్టిలో కలిసిపోతుందంటారు. కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) ప్లాస్టిక్ అమ్మాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ నంబరు కవరు మీద ఉండాలి. అడిగితే ఒక కొట్లో చూపించారు, మిగతా చోట్ల మాట మార్చారు. సర్టిఫికెట్ ఉన్న సరుకు కూడా మాకు పనికిరాదు. పీఎల్ఏ (మొక్కల నుంచి చేసే ప్లాస్టిక్) లాంటివి కుళ్లాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి నిలిచే పెద్ద కంపోస్టు ప్లాంటు కావాలి. మా వీధి చెత్త అక్కడికి వెళ్లదు. కొడుంగైయూరు గుట్టలో పడితే అది కూడా ప్లాస్టిక్ లాగానే పడి ఉంటుంది. అక్క ఆ చెంచాను విరిచి చూసి, "ఇది నాకు సంచిలో దొరికితే ప్లాస్టిక్ అనే పక్కన పడేస్తా" అంది. రిజిస్టరులో ఆఖరి గడి నిండిపోయింది. ఆ సరుకు వద్దు.

తీసుకున్నవి ఇవి. వక్క మట్ట ప్లేట్లు, వేడి పులుసు పోసి అరగంట ఉంచి చూశాకే. విందులకు అరటాకు కోయంబేడు నుంచి, ముహూర్తాల రోజుల్లో ధర పెరుగుతుంది కాబట్టి మన తేదీలు ముందే చెప్పి పెట్టుకోవాలి. మూడోది నాకు చాలా ఇష్టమైంది, అడ్డాకు విస్తర్లు. శ్రీకాకుళం నుంచి వచ్చి మా సంఘంలో స్థిరపడిన కుటుంబం ఒకటి ఉంది. సీతంపేట ఏజెన్సీలో గిరిజన స్త్రీలు అడవి నుంచి అడ్డాకు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. ఆ కుటుంబం మాట్లాడి రైలు పార్సిల్‌లో తెప్పించింది. వడ్డించాక ఆ ఆకు వాసన అన్నానికి పట్టింది. చాలామంది పెద్దవాళ్లు ఊరి పెళ్లిళ్లు గుర్తుచేసుకున్నారు. వాడిన విస్తరి, తిని మిగిలిన అన్నం రెండూ ఒకే తడి చెత్తలోకి వెళ్తాయి, వేరు చేసే పనే లేదు.

ఇవి కూడా ఒకసారి వాడి పారేసేవేనని మర్చిపోకూడదు. అందుకే పెద్ద ఖర్చు స్టీలు కంచాల మీద పెట్టాం. మూడు సంఘాలూ కలిసి 300 కంచాలు, గ్లాసులు, వడ్డన గిన్నెలు కొన్నాం. బెంగళూరులో అదమ్య చేతన సంస్థ నడిపే ప్లేట్ బ్యాంకు గురించి చదివినప్పటి నుంచి ఈ ఆలోచన ఉంది. ఎవరింట్లో పెళ్లిచూపులున్నా, జ్ఞాపకార్థ కూటమున్నా రిజిస్టరులో రాసి తీసుకెళ్లొచ్చు. బయానా కడితే చాలు, అద్దె లేదు. కడిగి తిరిగి ఇవ్వాలి. మొదటగా తీసుకెళ్లింది సంఘం బయటివాళ్లు, మా వీధిలో సీమంతం ఉన్న తమిళ కుటుంబం.

అక్టోబరు

వార్షికోత్సవ సభలకు బ్యానర్లు. ఫ్లెక్సీ వద్దంటే యువకులు ఒప్పుకోలేదు. సభ గొప్పగా కనపడాలని వాళ్ల కోరిక. 2019లో పల్లికరణై దగ్గర రోడ్డు మీద కట్టిన బ్యానరు ఊడి ఒక అమ్మాయి మీద పడి, ఆమె ప్రాణం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఊరంతా జాగ్రత్తగా ఉంది, మళ్లీ మామూలైంది. ఫ్లెక్సీ అంటే పీవీసీ. సభ అయ్యాక కొందరు గుడిసె పైకప్పుకు తీసుకెళ్తారు, మిగిలింది ఎక్కడో కాలుస్తారు. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి.

పెద్దల కూటంలో నేను బకింగ్‌హామ్ కాలువ గురించి మాట్లాడాను. తెలుగు బాప్టిస్టుల చరిత్రలో ఆ కాలువకు పెద్ద చోటుంది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో అల్లాడుతున్న మాల మాదిగ పల్లెల జనం ఆ పనికొచ్చి, కూలి తీసుకుని బతికారు. ఆ కరువు తర్వాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా సంఘంలో చాలామంది ఆ పల్లెల సంతానమే. మన ముత్తాతలు పారలతో తవ్విన ఆ కాలువే చెన్నై మీదుగా పోతుంది. మన పక్కనున్న ఒట్టేరి నాలా వచ్చి అందులోనే కలుస్తుంది. ఇప్పుడు ఆ నాలాలో తేలేది ప్లాస్టిక్ కప్పులు, ఫ్లెక్సీ పీలికలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు వ్యాసర్పాడి ఇళ్లలోకి ఆ నీళ్లే వచ్చాయి. మందిరం నుంచి పోయే చెత్త అందులో ఒక్క పిడికెడైనా ఉండకూడదని నా మనవి అని చెప్పి కూర్చున్నాను.

ఒక తాతగారు లేచి, తన తాత ఆ తవ్వకంలో మట్టితట్ట మోశాడని ఇంట్లో చెప్పుకునేవారని అన్నారు. తర్వాత బ్యానర్ల మీద వాదన జరగలేదు. గోడౌన్ స్ట్రీట్ కాటన్ బట్ట మీద, తేదీ లేకుండా, సంఘం పేరు, "వార్షికోత్సవ సభలు" అని చేత్తో రాయించాం. తేదీ కోసం కింద చిన్న గుడ్డ ముక్క, గుండీలతో. వచ్చే ఏడాది ముక్క మారిస్తే సరిపోతుంది. యువకులే రంగులు వేశారు, అక్షరాలు బ్రహ్మాండంగా వచ్చాయి.

నవంబరు

శుభ్రం చేసే సరుకులు. మందిరం ఊడ్చే అమ్మ యాసిడ్ పోసి మరుగుదొడ్డి కడుగుతూ దగ్గుతుంటే చూశాం. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. యాసిడ్ పూర్తిగా మానేశాం. నేలకు కుంకుడుకాయ నానబెట్టిన రసం. నిమ్మ, నారింజ తొక్కలతో ఎంజైమ్ ద్రావణం కూడా మొదలుపెట్టాం. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు, మూడు నెలలు. మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి, లేకపోతే గ్యాస్ పట్టి డబ్బా ఉబ్బుతుంది. ఇది నేలకూ సింకుకూ బాగుంటుంది. క్రిములు చంపే మందు కాదు కాబట్టి మరుగుదొడ్లకు వేరే క్రిమిసంహారిణి ఉంచాం, తొడుగులు కూడా కొన్నాం.

డిసెంబరు

పండుగ నెల. రాయడానికి తీరిక తక్కువ, రాయాల్సింది ఎక్కువ.

పువ్వులు: వేదిక మీద పువ్వులు గుచ్చే పచ్చ స్పాంజి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. నలిపితే పొడి అవుతుంది, ఆ పొడి మట్టిలో కలవదు, నీళ్లతో పాటు కాలువలోకి పోతుంది. పువ్వులు అలంకరించే అక్కకు అది లేకుండా పని జరగదని గట్టి నమ్మకం. ఇత్తడి గిన్నెలో కోళ్ల జాలీని ఉండ చుట్టి పెట్టి, దాని కన్నాల్లో కాడలు గుచ్చి చూపించాం. ఆవిడ ముందు పెదవి విరిచింది, తర్వాత తనే ఇసుక పోసిన మట్టిపాత్రలతో ఇంకా అందంగా చేసింది. నీళ్లు మార్చడం కూడా సులువైంది, పువ్వులు పండుగ మూడు రోజులూ నిలిచాయి.

పశువుల పాక: థర్మకోల్ కొండలు లేవు. అట్టపెట్టెలు, ఎండుగడ్డి, పాత గోనెసంచులు. నక్షత్రం వెదురుబద్దలతో, కాగితంతో, లోపల ఎల్ఈడీ బల్బు. కొవ్వొత్తులు: పారాఫిన్ పెట్రోలియం నుంచి వచ్చేదే, తేనెమైనం మా ఖర్చుకు అందదు. కాబట్టి చిన్నవి కొన్నాం, మైనం కారకుండా పాత బులెటిన్ల అట్టలు గుండ్రంగా కత్తిరించాం, మిగిలిన ముక్కలన్నీ దాచాం. యౌవనస్థులు కరిగించి ఈస్టరుకు మళ్లీ పోస్తారు.

ప్రేమ విందు మూడు సంఘాలకూ కలిపి స్కూలు మైదానంలో. లైసెన్సు లేని చోట వందమందికి మించి కూడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలని, చెత్త అక్కడికక్కడే వేరుచేయాలని అప్పుడు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నియమాల్లో ఉంది. ఉత్తరం ముందే ఇచ్చాం. బిర్యానీ అడ్డాకు విస్తర్లలో, మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్ల నుంచి స్టీలు గ్లాసుల్లోకి.

వంటవాళ్లతో అన్నీ మాట్లాడుకున్నాం. అయినా ఆ రోజు వాళ్ల బండిలో నుంచి చిన్న నీళ్ల బాటిళ్ల కట్టలు, ప్లాస్టిక్ చెంచాలు, పెరుగు పచ్చడికి మూత డబ్బాలు దిగాయి. "ఎప్పుడూ ఇలాగే ఇస్తామండి, ప్యాకేజీలో ఉంటుంది" అన్నారు. ఆ పూట టెన్షన్ అంతా ఇంతా కాదు. యువకులు కట్టలు విప్పకుండా తిరిగి బండెక్కించారు, పెరుగు పచ్చడి గిన్నెల్లోకి ఒంపారు. ఇకపై వంట ఒప్పందం కాగితం మీదే, ఏమేమి తేకూడదో పేరుపేరునా రాసి సంతకం తీసుకుంటాం. ఫ్యాక్టరీ కొనుగోళ్లలో మేం చేసేది అదే.

అయ్యగారు ఆ రోజు ఐదు వేలమందికి రొట్టెలు పంచిన సంగతి చెప్పారు. అందరూ తిన్నాక మిగిలిన ముక్కలు పారేయకుండా ఏరమని ప్రభువు శిష్యులకు చెప్పాడు, పన్నెండు గంపలు నిండాయి. మిగిలిన బిర్యానీ ఇళ్ల నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాల్లోకి వెళ్లింది. డబ్బా తేనివాళ్లు ప్లాస్టిక్ కవరు అడిగారు, అరటాకులో కట్టి ఇచ్చాం. చివర్లో తడి చెత్త, పొడి చెత్త, డైపర్లు మూడు వేర్వేరు డబ్బాల్లో ఉన్నాయి. డైపర్లు కాగితంలో చుట్టి ఎర్ర గుర్తు పెట్టాం. ఒక్కో డబ్బా దగ్గర ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. ఎవరు ఏది ఎక్కడ వేస్తున్నారో చూసేవాడు లేకపోతే బోర్డు రాసి పెట్టినా ఎవరూ చదవరు.

మర్నాడు పొద్దున అక్క డ్యూటీ అటువైపే. ఫోన్ చేసింది. "సంచులు తేలిగ్గా ఉన్నాయి. కారలేదు."

జనవరి

లెక్కలు చూశాం. స్టీలుకు పెట్టింది పెద్ద మొత్తం, కానీ కప్పులు, ప్లేట్లు, నీళ్ల బాటిళ్ల బిల్లులు దాదాపు ఆగిపోయాయి. ఆ ఖర్చు వచ్చే ఏడాదిలోపు తిరిగొస్తుందని కోశాధికారి అంకుల్ లెక్క. విస్తర్లు పాత పేపర్ ప్లేట్ల కంటే ఖరీదు, అది ఒప్పుకుని బడ్జెట్‌లో వేశాం. ఫ్లెక్సీ ఖర్చు పోయింది. బులెటిన్లు రెండు వైపులా అచ్చు వేయిస్తున్నాం, చదవలేని పెద్దలకు మాత్రం పెద్దక్షరాలవి కొన్ని.

తేలని విషయాలు ఉన్నాయి. పెళ్లిళ్లకు మందిరం హాలు అద్దెకు తీసుకునేవాళ్లు బయటి వంటవాళ్లతో వస్తారు, వాళ్లకు ఈ నియమాలు ఎలా పెట్టాలో కమిటీ ఇంకా నిర్ణయించలేదు. హాలు అద్దె తగ్గించి, మన కంచాలు వాడాలనే షరతు పెట్టమని నా సూచన. అద్దె తగ్గించడం కొందరికి ఇష్టం లేదు. ఫిబ్రవరి కూటంలో మళ్లీ అడుగుతాను. వ్యాసర్పాడి సంఘంలో కడిగే వంతు మళ్లీ స్త్రీల మీదకే జారింది. అక్కడి పాస్టరు గారితో మాట్లాడాను, వచ్చే నెల వాళ్ల డీకన్లు మా దగ్గర ఒక ఆదివారం తొట్ల దగ్గర పనిచేయడానికి వస్తున్నారు.

సరుకుల కమిటీలో ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. ఒకరు అక్క, ఇంకొకరు కార్పొరేషన్‌లో లారీ మీద పనిచేసే తమ్ముడు. శాంపిల్ వాళ్ల చేతికి వెళ్లకుండా ఆర్డరు ఇవ్వకూడదని తీర్మానం రాసి మినిట్స్‌లో పెట్టాం. మొదటి వారమే ఒక సప్లయరు తెచ్చిన మెరిసే పేపర్ గిన్నెలు వెనక్కి వెళ్లాయి. తమ్ముడు గోటితో గీకి లోపలి పొర లేపి చూపించాడు.

మార్చి

ఈస్టరు కొనుగోళ్ల పట్టీ. మట్టల ఆదివారానికి కొబ్బరి మట్టలు ఎన్నూరు వైపు తోట నుంచి మాట్లాడాం, ఆరాధన అయ్యాక అందరి దగ్గరా తిరిగి తీసుకుని తడి చెత్తలో కాకుండా ఆ తోటకే కంపోస్టుకు పంపుతాం. మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల ఆరాధన తర్వాత ఇచ్చే మజ్జిగ, నిరుటి దాకా ప్లాస్టిక్ కప్పుల్లో. ఈసారి స్టీలు గ్లాసులు. ఆ రోజు మూడు సంఘాలూ ఒకే సమయంలో ఆరాధన పెడతాయి కాబట్టి కంచాల బ్యాంకు గ్లాసులు చాలవు, ఇంకో 150 కావాలి. రెండు కొట్ల దగ్గర ధరలు తీసుకున్నాను. ఎండలు ముదిరాయి, బోరు నీళ్లు తగ్గుతున్నాయి, అందుకని ఈస్టరు ఉదయం టిఫిన్‌కు కంచాలు తీయకుండా అరటాకు వేస్తున్నాం. కడగాల్సింది గ్లాసులే. శుక్రవారం వంతు మా వీధిది, ఆదివారం డీకన్లది.